ప్రభుత్వం మారినప్పుడల్లా పెట్టే అవినీతి కేసులు న్యాయమైనవేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ నాన్నగారు రెవెన్యూ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. నాలుగు వేల రూపాయల లంచం తీసుకుంటుండగా పట్టుకున్నామన్న ట్రాప్ కేసులో సస్పెండై పద్నాలుగు నెలలైంది, ఇంకా చార్జిషీటు కూడా పడలేదు. అటు చూస్తే వందల కోట్ల ఆరోపణలున్న నాయకులు బెయిలు మీద బయటికొచ్చి, ఎన్నికల్లో గెలిచి, మళ్ళీ కుర్చీలో కూర్చుంటున్నారు. ప్రభుత్వం మారగానే పాతవాళ్ళ మీద కేసులు పడుతున్నాయి. ఇదంతా అవినీతి మీద పోరాటమా, కక్ష సాధింపా, మామూలు మనిషి ఎలా తేల్చుకోవాలి అని అడిగారు.

నేను ఇరవై ఆరేళ్ళుగా ఏసీబీ కేసులు చూస్తున్న లాయర్ని. మొదట ఆరేళ్ళు ప్రాసిక్యూషన్ తరఫున, ఆ తర్వాత ఎక్కువగా నిందితుల తరఫున పనిచేశాను.

సూటిగా చెబుతాను. కక్షతో పెట్టిన కేసులోనూ నిజమైన అవినీతి ఉండవచ్చు. నిజమైన అవినీతి కేసును కూడా కక్ష తీర్చుకోవడానికి వాడుకోవచ్చు. అందుకని "ఎవరు పెట్టించారు" అని ఎంత తవ్వినా ఏమీ తేలదు. తేదీలు చూడండి. ఎఫ్‌ఐఆర్ ఎప్పుడు, అరెస్టు ఎప్పుడు, చార్జిషీటు ఎప్పుడు, ప్రాసిక్యూషన్‌కు అనుమతి ఎప్పుడు వచ్చింది, మొదటి సాక్షి బోనెక్కింది ఎప్పుడు. నా అనుభవంలో అన్యాయం అరెస్టులో కన్నా ఆలస్యంలోనే ఎక్కువ దాగి ఉంటుంది. మన దగ్గర అరెస్టులు పరుగున జరుగుతాయి. విచారణ దగ్గరికి వచ్చేసరికి కేసు కదలదు.

ముందు మీ నాన్నగారి కేసుకీ, మంత్రి స్థాయి కేసుకీ చట్టంలోనే ఉన్న తేడా చెప్పాలి. చాలామందికి ఇది తెలియదు.

మన అవినీతి నిరోధక చట్టం 1988 నాటిది. 2018 జూలై 26 నుంచి దానికి పెద్ద సవరణ అమల్లోకి వచ్చింది. అందులో 17ఏ అనే కొత్త సెక్షన్ చేరింది. ప్రభుత్వోద్యోగి గానీ మంత్రి గానీ తన విధుల్లో భాగంగా తీసుకున్న నిర్ణయం మీద, చేసిన సిఫారసు మీద ఆరోపణ వస్తే, దర్యాప్తు కాదు కదా, ప్రాథమిక విచారణ మొదలుపెట్టాలన్నా ముందు పైవాళ్ళ ఆమోదం కావాలి. టెండర్లు, భూకేటాయింపులు, కాంట్రాక్టు రేట్ల పెంపు అన్నీ నిర్ణయాల కిందికే వస్తాయి. అయితే లంచం తీసుకుంటుండగా అక్కడికక్కడే పట్టుకుంటే ఈ ఆమోదం అక్కర్లేదని అదే సెక్షన్ చెబుతుంది.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. చేతిలో నోట్లతో దొరికేది ఎవరు? గుమాస్తా, వీఆర్వో, ఏఈ, ఎస్సై. నిర్ణయం మీద సంతకం పెట్టేది ఎవరు? సెక్రటరీ, మంత్రి. చిన్నవాడి కేసు ఉదయం ఫిర్యాదు వస్తే సాయంత్రానికి అరెస్టు దాకా వెళ్తుంది. పెద్దవాడి ఫైలు మాత్రం ఆమోదం కోసం ప్రభుత్వం దగ్గరికి వెళ్ళాలి. ఆ ప్రభుత్వం నిందితుడిదే అయితే ఫైలు అటకెక్కుతుంది, అతని ప్రత్యర్థిదైతే వారంలో కిందికి దిగుతుంది. చట్టం ఇచ్చిన గడువు మూడు నెలలు, కారణాలు రాసి ఇంకో నెల పొడిగించుకోవచ్చు. పొడిగింపుతో కూడా ఆ గడువు దాటిన ఫైళ్ళు నేను చాలానే చూశాను.

ఈ రక్షణ ఊరికే రాలేదని కూడా చెప్పాలి. నిజాయతీగా పనిచేసే అధికారికి భయం లేకుండా సంతకం పెట్టే ధైర్యం కావాలి. నా క్లయింటు ఒకాయన ఇంజినీరు. వరదకు కొట్టుకుపోయిన వంతెన దగ్గర తాత్కాలిక దారి వేయించడానికి టెండరు లేకుండా నామినేషన్ మీద పని ఇచ్చారు. ఊళ్ళో గర్భిణులు ఆసుపత్రికి వెళ్ళలేని పరిస్థితి అది. నాలుగేళ్ళ తర్వాత ఆ సంతకమే ఆయన మెడకు చుట్టుకుంది. చివరికి కేసు నిలవలేదు గానీ, ఆ తర్వాత ఆయన ఏ ఫైలు మీదా సొంతంగా నిర్ణయం రాయలేదు. ఆయన్ని తప్పు పట్టలేను. కాబట్టి వడపోత ఉండాలి. నా అభ్యంతరం అది ఎవరి చేతిలో ఉంది అన్నదాని గురించి. సుప్రీంకోర్టు 1997లో జైన్ హవాలా కేసులో, పెద్ద అధికారుల మీద విచారణకు ప్రభుత్వ అనుమతి కావాలన్న ఆదేశాన్ని కొట్టేసింది. అదే నిబంధన 2003లో చట్టంగా వచ్చింది. 2014లో సుప్రీంకోర్టు దాన్నీ కొట్టేసింది. 2018లో ఇంకో రూపంలో, అన్ని స్థాయిల వారికీ వర్తించేలా 17ఏగా తిరిగొచ్చింది. ఇరవై ఒక్క ఏళ్ళలో కోర్టు రెండుసార్లు తెరిచిన తలుపును రెండుసార్లూ మళ్ళీ మూశారంటే, దాని వెనక ఎంత ఆసక్తి ఉందో ఆలోచించండి.

ఇక మనందరికీ తెలిసిన కేసుల తేదీలు. ఎవరు దోషి అన్నది ఇక్కడ నేను చెప్పడం లేదు, అది కోర్టు తేల్చాలి. వేర్వేరు పార్టీల వాళ్ళవి ఉన్నాయి కనుక ఎవరూ నొచ్చుకోవద్దు.

వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి ఆస్తుల కేసు. 2011 ఆగస్టులో హైకోర్టు ఆదేశం మీద సీబీఐ కేసు పెట్టింది. 2012 మే 27న అరెస్టు చేశారు. ఉప ఎన్నికలు జూన్ 12న. 2013 సెప్టెంబరులో బెయిలు వచ్చింది. ఆ తర్వాత ఆయన ప్రతిపక్ష నేత అయ్యారు, 2019 నుంచి 2024 దాకా ముఖ్యమంత్రిగా చేశారు. అరెస్టై పదేళ్ళు దాటాక కూడా ఆ కేసులు డిశ్చార్జ్ పిటిషన్ల దగ్గరే, అంటే విచారణకు ముందే తమను కేసు నుంచి తప్పించమని నిందితులు వేసే పిటిషన్ల దగ్గరే, వాయిదాలు పడుతూ వచ్చాయి.

రేవంత్ రెడ్డి ఓటుకు నోటు కేసు. 2015 మే 31న ఎమ్మెల్సీ ఎన్నికల ముందు తెలంగాణ ఏసీబీ అరెస్టు చేసింది. అప్పుడు ఆయన ప్రతిపక్షంలో ఉన్నారు. 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి అయ్యారు. విచారణను వేరే రాష్ట్రానికి మార్చాలని పిటిషన్ వేస్తే 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మార్చలేదు గానీ, ప్రాసిక్యూషన్ వ్యవహారంలో ముఖ్యమంత్రి జోక్యం చేసుకోకూడదని, ఏసీబీ అధిపతి ఈ కేసు గురించి ఆయనకు నివేదించకూడదని చెప్పింది. ఈ మాట దగ్గర కాస్త ఆగండి. కోర్టు అలా చెప్పాల్సి వచ్చిందంటే, చెప్పకపోతే మామూలు పద్ధతి ఏమిటో అర్థమవుతుంది కదా.

చంద్రబాబు నాయుడు స్కిల్ డెవలప్‌మెంట్ కేసు. ఎఫ్‌ఐఆర్ 2021 డిసెంబరు. ఆయన పేరు చేర్చి అరెస్టు చేసింది 2023 సెప్టెంబరు 9న, అంటే ఎన్నికలకు ఎనిమిది నెలల ముందు. రాజమండ్రి జైల్లో యాభై రోజులకు పైగా ఉన్నారు. 17ఏ ప్రకారం ముందస్తు ఆమోదం కావాలా వద్దా అన్న ఆయన పిటిషన్ మీద 2024 జనవరి 16న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు రెండు తీర్పులిచ్చారు. జస్టిస్ అనిరుద్ధ బోస్ ఆమోదం తప్పనిసరి అన్నారు. 2018కి ముందు జరిగినవాటికి ఆ సెక్షన్ వర్తించదని జస్టిస్ బేలా త్రివేది అన్నారు. ఆ జూన్‌లోనే ఆయన మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. అంతకుముందు ఆయన్ని ప్రశ్నించిన సీఐడీ ఆయన ప్రభుత్వం కిందికే వచ్చింది.

అప్పటి బీఆర్‌ఎస్ నాయకురాలు కవిత ఢిల్లీ మద్యం కేసు. ఇది కేంద్ర సంస్థ ఈడీది. 2024 మార్చి 15న, లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు ప్రకటించే ముందురోజు హైదరాబాద్‌లో అరెస్టు. ఆగస్టు 27న సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. దర్యాప్తు పూర్తయిందని, విచారించాల్సిన సాక్షులు 493 మంది దాకా ఉన్నారని, విచారణ ఇప్పట్లో ముగిసేలా లేదని కోర్టు గుర్తించింది.

నాలుగు కేసులు, వేర్వేరు పార్టీల నాయకులు. దర్యాప్తు చేసినవి నాలుగు వేర్వేరు సంస్థలు. తేదీల్లో మాత్రం ఒకే తీరు. ఎన్నికల దగ్గర వేగం, ఆ తర్వాత నిదానం. నిందితుడు నిర్దోషి అయితే ఆ మచ్చ పదేళ్ళు అలాగే ఉంటుంది. దోషి అయితే ఆ పదేళ్ళూ పాలిస్తాడు. ఆలస్యం వల్ల ఈ ఇద్దరిలో ఎవరికీ న్యాయం జరగదు, ఓటు వేసే మనకైతే అసలు జరగదు.

ఈడీ గురించి ఒక లెక్క. 2025 మార్చిలో కేంద్ర ప్రభుత్వమే రాజ్యసభలో చెప్పింది. అంతకుముందు పదేళ్ళలో రాజకీయ నాయకుల మీద ఈడీ 193 కేసులు పెట్టింది. శిక్ష పడినవి రెండు. మనీ లాండరింగ్ చట్టంలో 45వ సెక్షన్ వల్ల బెయిలు రావడం చాలా కష్టం. నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి కారణాలున్నాయని జడ్జికి అనిపిస్తే తప్ప ఇవ్వరు. శిక్ష దాదాపు లేదు, జైలు మాత్రం ముందే ఉంది. అలాంటప్పుడు అరెస్టే శిక్ష అయిపోతుంది. ఆ శిక్ష ఎవరికి వేయాలో తేల్చేది కోర్టు కాదు, దర్యాప్తు సంస్థ. నేను ప్రాసిక్యూషన్ వైపు కూర్చున్న మనిషిని, దర్యాప్తు అధికారుల కష్టం నాకు తెలుసు. అయినా ఈ పద్ధతిని సమర్థించలేను.

అలాగని "అన్నీ రాజకీయ కేసులే" అని కొట్టిపారేయకండి. అది కూడా దొంగలకే మేలు చేస్తుంది. లాలూ ప్రసాద్ యాదవ్ దాణా కుంభకోణం బయటపడింది 1996లో. కోర్టు ఆయన్ని దోషిగా తేల్చింది 2013 సెప్టెంబరు 30న. పదిహేడేళ్ళు పట్టింది, అయినా శిక్ష పడింది. శిక్ష పడిన చట్టసభ సభ్యుడు అప్పీలు పేరుతో పదవిలో కొనసాగడం కుదరదని అదే ఏడాది జూలైలో సుప్రీంకోర్టు చెప్పడంతో ఎంపీ పదవి కూడా పోయింది. జయలలిత ఆస్తుల కేసు కూడా 1996లో మొదలైందే. 2014లో బెంగళూరు ప్రత్యేక కోర్టు శిక్ష వేసింది, 2015లో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది, 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మళ్ళీ నిలబెట్టింది. అప్పటికి ఆమె చనిపోయి రెండు నెలలు దాటింది. ఆ కేసును తమిళనాడు నుంచి కర్ణాటకకు మార్చింది ఎందుకో గుర్తు చేసుకోండి. ఆమే ముఖ్యమంత్రిగా ఉండగా ఆమె ప్రభుత్వ లాయరే ఆమె మీద కేసు నడపాల్సిన పరిస్థితి. 2024లో మన రెండు రాష్ట్రాల్లో వచ్చిన పరిస్థితీ అదే.

ఆస్తుల కేసుల గురించి ఒక మాట. బయట నుంచి చూస్తే ఇవి తిరుగులేనివిగా కనిపిస్తాయి, లోపల మాత్రం అంతా కూడికలు తీసివేతలే. ఒక చెక్ పీరియడ్ పెట్టుకుంటారు, ఆ కాలంలో ఆదాయం ఇంత, ఖర్చు ఇంత, మిగలాల్సింది ఇంత, ఉన్న ఆస్తి ఇంత అని లెక్క వేస్తారు. నా దగ్గరికొచ్చిన ఒక కేసులో అత్తగారు పెళ్ళికిచ్చిన బంగారాన్ని నిందితుడే కొన్నట్టు రాశారు. ఊళ్ళో ఉమ్మడి పొలం మీద వచ్చిన కౌలును ఆదాయంలో కలపలేదు. ఇల్లు కట్టిన ఏడాది రేట్లు కాకుండా సోదా చేసిన ఏడాది రేట్లతో విలువ కట్టారు. ఆ మూడూ సరిచేస్తే అక్రమాస్తి అన్నది సున్నాకు దగ్గరపడింది. ఇంకో కేసులో దీనికి పూర్తి విరుద్ధం. బినామీల పేర్లతో ఉన్న ఎనిమిది ప్లాట్లు అసలు లెక్కలోకే రాలేదు. ఎందుకు రాలేదని నేను అడిగితే, "పైనుంచి ఇంతే చాలన్నారు" అని దర్యాప్తు అధికారి తల దించుకున్నాడు. అప్పుడు నేను ప్రాసిక్యూషన్ వైపు ఉన్నాను. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత ఏడాదికే ఆ పని వదిలేశాను.

అసలు జబ్బు ఎక్కడుందంటే నేను చూపించేది ఇదే. రాష్ట్ర ఏసీబీ అధిపతికి పదవీకాలం మీద చట్టబద్ధమైన భరోసా లేదు. సీబీఐ డైరెక్టరుకు కనీసం రెండేళ్ళు ఉండాలని హవాలా తీర్పు తర్వాత వచ్చింది. రాష్ట్రాల్లో ఏసీబీ, సీఐడీ ప్రభుత్వం కిందే ఉంటాయి, ఎవరిని ఎప్పుడు మార్చాలో ప్రభుత్వం ఇష్టం. సీబీఐ రాష్ట్రంలోకి రావాలన్నా రాష్ట్రం సమ్మతి కావాలి. ఆంధ్రప్రదేశ్ ఆ సమ్మతిని 2018 నవంబరులో వెనక్కి తీసుకుంది, ప్రభుత్వం మారాక 2019 జూన్‌లో తిరిగి ఇచ్చింది. తెలంగాణ 2022 ఆగస్టులో వెనక్కి తీసుకుంది. కేంద్రంతో సఖ్యతగా ఉంటే ఒక మాట, చెడితే ఇంకో మాట.

ఇంకో దారి కేసు ఉపసంహరణ. ప్రభుత్వం మారగానే తమవాళ్ళ మీది కేసులు ఎత్తేస్తూ జీవోలు రావడం మన దగ్గర కొత్త కాదు. 2021 ఆగస్టు 10న సుప్రీంకోర్టు దీనికి అడ్డుకట్ట వేసింది. ఎంపీలు, ఎమ్మెల్యేల మీది కేసుల్ని హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించకూడదంది. మంచి ఆదేశం. కానీ ఉపసంహరించకుండానే కేసును చంపవచ్చు. రికార్డు పంపరు, సాక్షికి సమన్లు అందవు, ప్రభుత్వ లాయరు వాయిదా అడుగుతాడు. చట్టం ప్రకారం అవినీతి కేసు విచారణ రెండేళ్ళలో ముగించడానికి ప్రయత్నించాలి, పొడిగించినా మామూలుగా నాలుగేళ్ళు దాటకూడదు. ఇది 2018 సవరణలోనే ఉంది. అందుకే ఏ పార్టీ అయినా "మేం అవినీతిని వదలం" అంటే నేను అడిగేది ఒక్కటే: మీ సొంత మనుషుల మీది కేసుల్లో పోయిన ఏడాది ఎంతమంది సాక్షుల్ని విచారించారు?

ఇక మీ నాన్నగారి కేసు. మీరు నిజంగా తెలుసుకోవాల్సింది ఇదే.

ట్రాప్ ఎలా జరుగుతుందో మీకు తెలిసే ఉంటుంది. ఫిర్యాది తెచ్చిన నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు. తర్వాత ఉద్యోగి చేతుల్ని సోడియం కార్బొనేట్ నీళ్ళలో కడిగిస్తారు. నీళ్ళు గులాబీ రంగుకు మారితే నోట్లు తాకినట్టు. ఇద్దరు మధ్యవర్తుల సమక్షంలో నివేదిక రాస్తారు. కానీ గులాబీ రంగు ఒక్కటే నేరాన్ని రుజువు చేయదు. డబ్బు అడిగినట్టు కూడా రుజువు కావాలి. దీన్ని బాగా తేల్చిన తీర్పుల్లో ఒకటి మన ఉమ్మడి రాష్ట్రం నుంచి వెళ్ళిన బి. జయరాజ్ కేసు. ఆయన మండల రెవెన్యూ అధికారి. 1995లో రేషన్ డీలరు దగ్గర 250 రూపాయలు తీసుకున్నారని ట్రాప్ చేశారు. ఫిర్యాది కోర్టులో మాట మార్చి ఎదురు తిరిగాడు. 2014లో సుప్రీంకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. 250 రూపాయల కేసుకు పద్దెనిమిదేళ్ళు దాటింది.

అయితే దీన్ని చూసి ధీమా పడకండి. 2022 డిసెంబరులో నీరజ్ దత్తా కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఇంకో మాట చెప్పింది. ఫిర్యాది చనిపోయినా, ఎదురు తిరిగినా, మిగతా సాక్ష్యాలనుబట్టి డబ్బు అడిగినట్టు తేల్చవచ్చు. అందుకే "ఫిర్యాదితో రాజీ చేసుకుంటే అయిపోతుంది" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది కేసును ఇంకా చెడగొడుతుంది, సాక్షిని ప్రభావితం చేశారని బెయిలు కూడా రద్దు కావచ్చు.

ముందు మధ్యవర్తుల నివేదిక కాపీ చూడండి. పట్టుకున్న వెంటనే మీ నాన్నగారు ఏం చెప్పారని అందులో రాశారో మొదట చదవండి. "అప్పు తీర్చాడు", "బలవంతంగా జేబులో పెట్టాడు", "చలానా డబ్బు" వంటి వివరణ అప్పటికప్పుడే ఇచ్చి ఉంటే దానికి చాలా విలువ ఉంటుంది. రెండేళ్ళ తర్వాత లాయరు ఆలోచించి చెప్పిన వివరణకు ఆ విలువ రాదు. తర్వాత, ట్రాప్ రోజుకి ఫిర్యాది పని మీ నాన్నగారి దగ్గర పెండింగులో ఉందా, లేక ఫైలు ముందే పైకి వెళ్ళిపోయిందా చూడండి. ఆఫీసు రిజిస్టరులో ఆ తేదీ ఉంటుంది. నేను గెలిపించిన కేసుల్లో చాలావరకు ఆ ఒక్క ఎంట్రీ మీద గెలిచినవే.

సస్పెన్షన్ సంగతి. చార్జి మెమో గానీ చార్జిషీటు గానీ ఇవ్వకుండా మూడు నెలలకు మించి సస్పెన్షన్ సాగించకూడదని 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏసీబీ కేసుల్లో ప్రభుత్వాలు దీన్ని తేలిగ్గా ఒప్పుకోవు. అయినా పద్నాలుగు నెలలంటే సమీక్షకు దరఖాస్తు చేయడానికి గట్టి కారణమే. జీవనభృతి సరిగా వస్తోందా, పెంచమని అడిగారా కూడా చూడండి. ఆ దరఖాస్తు ఒక ప్రతి శాఖాధిపతికి, ఇంకో ప్రతి ప్రభుత్వ కార్యదర్శికి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదులు దాచుకోండి. జవాబు రాకపోతే అప్పుడు హైకోర్టుకు వెళ్ళవచ్చు.

మీ నాన్నగారు నిజంగా డబ్బు తీసుకున్నారా అని నేను మిమ్మల్ని అడగలేదు, అడగను కూడా. తీసుకుని ఉంటే ఆ విషయం తన లాయరుకు ఉన్నదున్నట్టు చెప్పమనండి. మంత్రుల కేసులు ఏళ్ళ తరబడి మూలనపడి ఉండటం ఆయన కేసులో వాదనగా పనికిరాదు, కోర్టు దాన్ని వినదు. ఆయన్ని కాపాడగలిగేవి ఆ రిజిస్టరు, ఆ నివేదిక, ఆ తేదీలు. ముందు ఆ కాపీలు తెప్పించండి. అందులో ఉన్న తేదీలు రాసి పంపితే, ఏది మీకు అనుకూలమో ఏది కాదో నేను చెబుతాను.